దూరం ఒకటే, ప్రయాణ సమయాలు రెండెందుకు?

ప్రశ్న: టోక్యో, లాస్ ఏంజెలెస్ విమానాశ్రయాలు ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అట్లాసులో వాటి మధ్య స్కేలు పెట్టి కొలిస్తే వచ్చిన దూరం, విమానయాన సంస్థలు చెప్పే దూరంకంటే ఎక్కువగా ఉంది. పైగా పోయేటప్పుడు ఒక సమయం, తిరిగి వచ్చేటప్పుడు మరొక సమయం చూపుతున్నారు. కారణం ఏమిటి?

జవాబు: మీ కొలతను దారి తప్పించినది అట్లాసు పుటే. గుండ్రని భూమిని కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు కనుక, పటంలో తిన్నగా కనిపించే గీత అసలు దగ్గరి దారి కాకపోవచ్చు. మీ దగ్గర గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని, ఒక కొసను టోక్యో మీద, రెండో కొసను లాస్ ఏంజెలెస్ మీద వేళ్లతో అదిమిపట్టి బిగుతుగా లాగి చూడండి. అది 35వ అక్షాంశం వెంట నిలవదు. తనంతట తానే ఉత్తరానికి జారి, పసిఫిక్ నడుమ దాదాపు 48వ అక్షాంశం దాకా, అంటే అలాస్కాకు చెందిన అల్యూషియన్ దీవులకు కొంచెం దిగువ వరకు వెళ్లి, మళ్లీ దక్షిణానికి వంగుతుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరిదైన ఇలాంటి దారిని మహావృత్త మార్గం అంటారు. ఈ మార్గంలో దూరం సుమారు 8,750 కిలోమీటర్లు. అక్షాంశం వెంటే పోతే మరో 500 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది.

ఇక సమయం సంగతి. జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్ల దరిదాపు వేగంతో ఎగురుతుంది, కానీ ఆ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. విమానాలు తిరిగే 10-12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే బలమైన గాలి వీస్తుంది. జపాన్ ప్రాంతంలో చలికాలంలో అది గంటకు 300 కిలోమీటర్లు దాటడమూ ఉంది. 1920లలో బెలూన్లు ఎగరేసి ఈ గాలిని ఓపికగా కొలిచిన జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఒయిషి వాసాబురో, తన ఫలితాలను 1926లో ఎస్పెరాంటో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రచురించారు. చదవగలిగినవారు తక్కువై అంతటి కృషి చాలాకాలం మరుగున పడిపోయిందంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

ఈ గాలి వాలుగా ఉండడంవల్ల టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు సుమారు పది గంటలు పడితే, ఎదురుగాలిలో సాగే తిరుగు ప్రయాణానికి పదకొండున్నర నుంచి పన్నెండు గంటలు పడుతుంది. అందుకే పడమటికి వెళ్లే పైలట్లు దూరం కొంత పెరిగినా గాలి తక్కువగా ఉన్న దారినే ఎంచుకుంటారు. షెడ్యూలులో చూపే వ్యవధిలో విమానం రన్‌వే దాకా నేల మీద నెమ్మదిగా సాగే సమయం, దిగాక గేటు చేరే సమయం కూడా కలిసే ఉంటాయి.

ఏదైనా దేశం గగనతలం విమానాలకు మూతపడితే చుట్టు తిరిగి పోవాల్సి వచ్చి ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక, అంతకుముందు తొమ్మిదిన్నర గంటలు పట్టిన హెల్సింకి (ఫిన్లాండ్ రాజధాని)-టోక్యో ప్రయాణం దాదాపు పదమూడు గంటలైంది.

టికెట్టు మీది గడియారం వేళలను తీసివేసి మాత్రం వ్యవధి కట్టవద్దు. చలికాలంలో లాస్ ఏంజెలెస్ గడియారం టోక్యోకంటే 17 గంటలు వెనక ఉంటుంది కనుక, సోమవారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో బయలుదేరి పది గంటలు ఎగిరినవారు, అదే సోమవారం ఉదయం 10 గంటలకు లాస్ ఏంజెలెస్‌లో దిగుతారు.