ట్యాంకు రెజిమెంట్‌లో పనిచేసిన తాతగారి జాడ తీయాలంటే

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ అత్తగారి నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ట్యాంకుల్లో పనిచేశారనీ, ఇంట్లో ఒక ఫొటో, నాలుగు పతకాలు, "ఏడో దళం" అన్న మాట తప్ప ఇంకేమీ మిగల్లేదనీ రాశావు. పని మొదలుపెట్టడానికి అంత చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆ "ఏడు" పట్టుకుని నేరుగా ఏడో రెజిమెంట్ చరిత్ర చదవడానికి కూర్చోకు. ఆయన ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడున్నారో ముందు ఆయన సర్వీసు కాగితమే చెప్పాలి. రెజిమెంట్ సంగతి ఆ తర్వాత.

ఎందుకంటావా, ఏడు అంకె ఉన్న దళాలు కనీసం నాలుగున్నాయి. 7వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్ ఒకటి. 7వ క్వీన్స్ ఓన్ హుస్సార్స్ మరొకటి. పేరుకు గుర్రపు దళం, యుద్ధం నాటికి నడిపింది ట్యాంకులే. ఇక 7వ ఆర్మర్డ్ డివిజన్, 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్ అసలు రెజిమెంట్లే కావు, కొన్ని రెజిమెంట్లను కలిపి కట్టిన పెద్ద దళాలు. ఈ రెండూ ఎడారి ఎలుక బొమ్మనే గుర్తుగా పెట్టుకున్నాయి. 1942 ఫిబ్రవరిలో ఆ బ్రిగేడ్ రంగూన్‌లో దిగినప్పుడు అందులో ఉన్నవి 2వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్, 7వ హుస్సార్స్. చివరికి వాళ్ళు చింద్విన్ నది దగ్గర ట్యాంకులు వదిలేసి మన ఇంఫాల్ వైపు వెనక్కి వచ్చారు. కాబట్టి భుజాన ఎలుక బొమ్మ ఉంది గనుక యుద్ధమంతా ఎడారిలోనే గడిపారని అనుకోవడానికి లేదు.

పేర్లతో ఇంకో తంటా ఉంది. 1942 జూన్‌లో లిబియాలోని టోబ్రుక్ శత్రువుల వశమైనప్పుడు 4వ, 7వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్లు రెండూ అక్కడే పోయాయి. తర్వాత 1945 మార్చిలో 144వ రెజిమెంట్ అనే వేరే దళానికి 4వ రెజిమెంట్ పేరు పెట్టారు. 1945 కాగితంలో "4" అని చూసి మనిషిని టోబ్రుక్‌కు పంపేస్తే తప్పు. వందకు పైన అంకె ఉన్న 142, 144, 150 లాంటివన్నీ కాల్బలం బెటాలియన్లను ట్యాంకులకు మార్చగా వచ్చినవి. వాటి పాత చరిత్ర సఫోక్, ఈస్ట్ లాంకషైర్ లాంటి కాల్బల రెజిమెంట్ల మ్యూజియంలలో వెతకాలి.

ముందు కావలసింది ఆయన ఆర్మీ నంబరు. పతకాల మీద వెతకకు. రెండో యుద్ధం నాటి బ్రిటిష్ స్టార్ పతకాల మీద ప్రభుత్వం పేర్లు చెక్కించలేదు. మొదటి యుద్ధం నాటి వాటికైతే అంచు మీద, స్టార్ అయితే వెనకవైపు, నంబరు, పేరు, దళం ఉంటాయి. నంబరు దొరికేది సైనికుడు వెంట ఉంచుకునే పే బుక్‌లో, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన రిలీజ్ బుక్‌లో, పతకాలొచ్చిన అట్టపెట్టెలోని చీటీలో, పాత ఉత్తరాల వెనక. ఆ నంబరే సగం కథ చెబుతుంది. 7868001 నుంచి 7891868 దాకా, రాయల్ ట్యాంక్ రెజిమెంట్ పాత పేరైన రాయల్ ట్యాంక్ కోర్‌కు కేటాయించినవి. ఆ పైనుంచి 8230000 దాకా, ట్యాంకు దళాలన్నిటినీ కలిపి కట్టిన రాయల్ ఆర్మర్డ్ కోర్‌వి. 14 తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరైతే 1942 జూలై తర్వాత జనరల్ సర్వీస్ కోర్‌లో చేరి, ఆరు వారాల ప్రాథమిక శిక్షణ అయ్యాక ట్యాంకులకు వచ్చినట్టు. నంబరు కాల్బలం వరుసలో ఉంటే మొదట ఇంకెక్కడో చేరి తర్వాత మారారన్నమాట. దళం మారినా నంబరు మారదు గనుక, చేరినచోటు అందులో అలాగే నిలిచిపోతుంది.

ఇక దరఖాస్తు. ఈ ఫైళ్ళు చాలాకాలం బ్రిటన్ రక్షణ శాఖ దగ్గరుండేవి. 2022 నుంచి విడతలుగా లండన్‌లో క్యూ (Kew) అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు తరలిస్తున్నారు. అందుకని ముందు ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఇంటిపేరు, పుట్టినతేదీ ఇచ్చి వెతుకు. కనిపిస్తే అక్కడే కాపీ అడగాలి. కనిపించకపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చనిపోయిన సైనికుల రికార్డుల ఫారం నింపాలి. పుట్టి 115 ఏళ్ళు దాటనివారి ఫైలు మామూలుగా మూసి ఉంటుంది, మరణ ధ్రువీకరణ పత్రం జతచేస్తే తెరుస్తారు. దరఖాస్తు నీ పేరున కాకుండా మీ అత్తగారి పేరున పెట్టించు, ఆవిడే సొంత కూతురు. చనిపోయి 25 ఏళ్ళు దాటకపోతే దగ్గరి రక్తసంబంధీకుల అంగీకారం లేకుండా పూర్తి వివరాలివ్వరు. ఫీజు ఎంతో కట్టే రోజునే చూసుకో. నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. పుట్టినతేదీ ఒక్క రోజు తేడాగా రాసినా దొరకలేదని జవాబు రావచ్చు, కాబట్టి జనన పత్రం ఎదురుగా పెట్టుకుని నింపు.

ఫైలు వచ్చాక కంగారుపడకు. అంతా పొట్టి అక్షరాలే. బి 103 అనే ఫారం ముందు తీయి, కదలికలన్నీ అందులో ఉంటాయి. టి.ఓ.ఎస్. అంటే ఆ రోజు దళం జాబితాలో చేర్చుకున్నారు, ఎస్.ఓ.ఎస్. అంటే తీసేశారు. ఎం.ఈ.ఎఫ్. మధ్యప్రాచ్యం, సి.ఎం.ఎఫ్. ఇటలీ వైపు, బి.ఎల్.ఏ. వాయవ్య యూరప్. ఎక్స్ అక్షరం పక్కన రోమన్ రెండు ఉంటే ఆసుపత్రి పాలయ్యారు, నాలుగు ఉంటే ఏ దళానికీ పంపకుండా అదనపు బలగంలో ఉంచారు. ఈ ఎక్స్ నాలుగును చాలామంది చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆ వారాల్లో రెజిమెంట్ ఎంత పెద్ద యుద్ధం చేసినా ఆయన అందులో లేరు. ఇంకో సంగతి: ఒక్కో వరుసకు రెండు తేదీలుంటాయి. ఒకటి సంఘటన జరిగినది, ఇంకోటి దాన్ని ఆర్డరులో ఎక్కించినది. మొదటిదే రాసుకో.

తెల్లకాగితం మీద గీతలు గీసి మూడు గళ్ళు చేసుకో: ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, ఏ దళం. అది నిండాక వార్ డైరీలకు, అంటే ఒక్కో దళం ఏ రోజు ఏం చేసిందో రాసిపెట్టిన పుస్తకాలకు, వెళ్ళు. అవి క్యూలో యుద్ధరంగాల వారీగా ఉన్నాయి: 1939–40 ఫ్రాన్స్ డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్) వరుసల్లో 167లో, ఈజిప్టు, లిబియా ఎడారి 169లో, ఇటలీ 170లో, నార్మండీ నుంచి జర్మనీ దాకా 171లో, బర్మా 172లో, ట్యునీసియాలో ఫస్ట్ ఆర్మీ 175లో, స్వదేశంలో ఉన్న కాలం 166లో. రాయల్ ట్యాంక్ రెజిమెంట్ అయితే డోర్సెట్‌లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఆర్కైవ్‌కు కూడా రాయి. డైరీలో ఆయన పేరు కోసం చూసి నిరాశపడకు. అధికారుల పేర్లుంటాయి, ట్రూపర్లు (మామూలు సిపాయిలు) "ఇద్దరు గాయపడ్డారు" అన్నట్టు అంకెలుగానే ఉంటారు. ఆయన గాయపడిన తేదీ నీ దగ్గరుంటే, ఆ అంకెలో ఒకరు ఆయనే అయివుండొచ్చు. అలా కలిసినచోట ఆగి, ఆ పేజీ ఆయన స్క్వాడ్రన్ (రెజిమెంట్‌లో ఒక భాగం) గురించేనా అని చూడు. వేరే స్క్వాడ్రన్ గురించైతే ఆ కథ ఆయనది కాదు.

ఫొటో సంగతి. భూతద్దం పెట్టి టోపీ బిళ్ళ చూడు: కిరీటం కింద పాతకాలపు ట్యాంకు ఉంటే రాయల్ ట్యాంక్ రెజిమెంట్, ఇనప తొడుగు వేసిన పిడికిలి ఉంటే రాయల్ ఆర్మర్డ్ కోర్. వెనక ట్యాంకు మీద పేరు రాసి ఉంటే మొదటి అక్షరం పట్టుకో. రాయల్ ట్యాంక్ రెజిమెంట్లలో అంకెకు సరిపడే అక్షరంతో పేర్లు పెట్టే ఆనవాయితీ ఉంది. నాలుగోదానికి ఇంగ్లీషు డి, ఏడోదానికి జి, తొమ్మిదోదానికి ఐ. ట్యాంకు మీద గీసిన గుర్తు త్రికోణమైతే ఇంగ్లీషు 'ఎ' స్క్వాడ్రన్, చతురస్రమైతే 'బి', వృత్తమైతే 'సి'. పతకాల్లో ఆఫ్రికా స్టార్ రిబ్బన్ మీద 8 అంకె ఉంటే 1942 అక్టోబరు 23కూ 1943 మే 12కూ మధ్య ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ ఎయిత్ ఆర్మీలో ఉన్నారని అర్థం. మీ "ఏడు" ఏదో తేల్చడానికి అదొక్కటే చాలా పనికొస్తుంది.

మన హైదరాబాద్ వైపు వాళ్ళెవరైనా తమ తాత డెక్కన్ హార్స్‌లో ట్యాంకు నడిపాడని అడిగితే ఈ దారి చెప్పకు. వాళ్ళు బర్మాలో బ్రిటిష్ 116వ రెజిమెంట్‌తో ఒకే బ్రిగేడ్‌లో పోరాడినా ఆ సైన్యం వేరు, అది అప్పటి ఇండియన్ ఆర్మీ. ఆ సిపాయిల కాగితాలకు మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్)లోని ఆర్మర్డ్ కోర్ రికార్డ్స్‌కు రాయాలి.

క్యూకు వెళ్ళేటప్పుడు పేరుకొక గుర్తింపు, చిరునామాకొక గుర్తింపు పట్టుకెళ్ళు, రీడర్ టికెట్ ఇస్తారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు. ప్రతి ఫైలుకూ ముందు అట్ట మీది నంబరు తీసి, తర్వాతే లోపలి పేజీలు తియ్యి. లేకపోతే ఇంటికొచ్చాక ఏ పేజీ ఏ ఫైలుదో తెలియదు. ఈలోగా మీ అత్తగారిని ఆ పతకాల పెట్టె అడుగున మరోసారి చూడమను. నంబరు దొరికిన రోజే నాకు రాయి.

— పెదనాన్న