విదేశీ మడత చాకు ఇంట్లో ఉంటే కేసు పెడతారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా బావ ఓడలో పని చేస్తాడు. నాలుగేళ్ల కిందట వస్తూ నాకో మడత చాకు తెచ్చాడు, బటన్ నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. ఈమధ్య అలాంటిదే ఇంకొకటి విదేశం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, కస్టమ్స్ వాళ్లు ఆపి నోటీసు పంపారు. ఇప్పుడు పాత చాకు కోసం కూడా ఇంటికొస్తారా? ఇంట్లో వాళ్లు టెన్షన్ పడి, సముద్రంలో పారేయమంటున్నారు.

జవాబు: పారేయకండి. ఆ నోటీసు మరోసారి తీసి చదవండి. అందులో ఉన్నది రెండో చాకు సంగతి. మీ సొరుగులో ఉన్న దాని ఊసే ఉండదు. దిగుమతికి ఒక చట్టం, దగ్గర ఉంచుకోవడానికి మరో లెక్క. జనం ఈ రెండూ కలిపేసుకుని భయపడతారు.

అమెరికాలోనూ ఇదే గందరగోళం జరిగింది. అక్కడ 1958 నాటి చట్టం బటన్ చాకుల దిగుమతిని ఆపుతుంది. 2009లో కస్టమ్స్ శాఖ, వేలితో కాస్త తోస్తే మిగతాది స్ప్రింగే తెరిచే చాకుల్ని కూడా ఆ లెక్కలోకి తేబోయింది. జేబులో అలాంటివి ఉన్నవాళ్లంతా గోల పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో వాళ్ల పార్లమెంటు చట్టాన్నే సవరించి ఆ చాకుల్ని మినహాయించింది.

మన దగ్గర చూడాల్సింది 1959 ఆయుధాల చట్టం. 2016 నిబంధనల పట్టిక ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారుచేసినవి మాత్రం రావు. మీ ఉద్దానంలో కొబ్బరి కత్తి లేని ఇల్లుంటుందా? అది ఎంత పెద్దదైనా ఎవరూ అడగరు. అలాగని ‘నా బటన్ చాకు కూడా కొబ్బరికే’ అని కోర్టులో చెప్పకండి, నేనైతే ఆ వాదన ఎత్తుకోను. స్కేలు పెట్టి కొలవండి, పిడి కలపకుండా బ్లేడు మాత్రమే. మడత చాకు 9 అంగుళాలు దాటడం అరుదు.

ఒక మెలిక ఉంది. ఈ చట్టం సెక్షన్ 4 కింద కేంద్రం ఏదైనా ప్రాంతాన్ని ప్రకటిస్తే, అక్కడ ప్రకటనలో చెప్పిన రకం ఆయుధానికి లైసెన్సు కావాలి. లేకపోతే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఢిల్లీలో బటన్ చాకుల మీద 1980లోనే ప్రకటన ఇచ్చారు. మీ జిల్లాకు అలాంటిది వర్తిస్తుందా అని సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి కలెక్టరేట్‌ను అడగండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ కాగితం మీ దగ్గరుంటే, స్టేషన్‌లో ఎవరో అన్న మాటకు బెదరక్కర్లేదు. ఎన్నికలప్పుడో, విజయనగరం సిరిమానోత్సవం లాంటి రద్దీలోనో మాత్రం చాకు జేబులో వేసుకుని వెళ్లకండి. నిషేధాజ్ఞలు ఉంటే కొలతలెవరూ చూడరు.

ఇక నోటీసు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 124 ప్రకారం మీ మాట వినకుండా సరుకు జప్తు చేయకూడదు. కాబట్టి ఊరుకోకండి. అందులో ఇచ్చిన గడువులోపు బిల్లు, బ్లేడు కొలత, ఎందుకు తెప్పించారో రాసి పంపండి. సరుకు నిషిద్ధమైనది కాకపోతే జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం సెక్షన్ 125 ఇస్తుంది. నిషిద్ధమైతే అది అధికారి ఇష్టం. ఆర్డరు ప్రతికూలంగా వస్తే, అందిన 60 రోజుల్లో అప్పీలు వేయొచ్చు. అయితే చాకు ధర రెండు మూడు వేలే అయితే ఫీజులకే అంతకంటే ఎక్కువవుతుంది, వదిలేసుకోవడమే నయం.

మీ బావకు మాత్రం ఒక మాట చెప్పండి. మళ్లీ ఏదైనా తెస్తే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టి, దిగాక విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌లో (కస్టమ్స్‌కు చూపించాల్సిన సరుకున్నవాళ్లు వెళ్లే దారి) చూపించి రసీదు తీసుకోమనండి.