ఏజీఎం పెట్టని కార్యవర్గం: ట్రిబ్యునల్ ఏం చేయగలదు?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో మా తెలుగువాళ్ల సాంస్కృతిక సంస్థ ఉంది. సెక్షన్ 8 కంపెనీ అంటారు. సభ్యులం 180 మందిమి. మూడేళ్లుగా సర్వసభ్య సమావేశం లేదు, లెక్కలు చూపలేదు. అడిగితే అధ్యక్షులవారు ‘వచ్చే నెల చూద్దాం’ అంటున్నారు. కోర్టుకెళ్లి సమావేశం పెట్టించి, ఈ కార్యవర్గాన్ని దించేయవచ్చా?

జవాబు: సమావేశం పెట్టించవచ్చు. దించడం మాత్రం మామూలుగా మీ ఓట్ల పని, కోర్టు పని కాదు.

మీది నిజంగా కంపెనీయేనా? ‘అంటారు’ అని రాశారు కాబట్టి అడుగుతున్నాను. రిజిస్ట్రేషన్ కాగితం మీద తమిళనాడు సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 1975 అని ఉంటే మీ దారి జిల్లా రిజిస్ట్రార్, సివిల్ కోర్టు. అది ఎంత దూరం లాగుతుందో చెన్నైలో చూశాం: తమిళ సినీ నటుల నడిగర్ సంఘం పోలింగ్ 2019 జూన్‌లో జరిగితే, వ్యాజ్యాలు తేలి ఓట్లు లెక్కపెట్టింది 2022 మార్చిలో.

సెక్షన్ 8 కంపెనీయే, అంటే లాభాపేక్ష లేని కంపెనీయే అయితే కంపెనీల చట్టం, 2013 వర్తిస్తుంది. ఏజీఎం, అంటే వార్షిక సర్వసభ్య సమావేశం, పెట్టకపోతే సెక్షన్ 97 కింద ఏ ఒక్క సభ్యుడైనా రాజాజీ సాలైలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పదిమంది సంతకాలు అక్కర్లేదు. సమావేశం పెట్టమని ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. అవసరమనుకుంటే ఒక్క సభ్యుడు హాజరైనా అది సమావేశమే అని కూడా చెప్పగలదు. ఆదేశాన్ని లెక్కచేయకపోతే సెక్షన్ 99 ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపైన జాప్యం సాగినన్నాళ్లూ రోజుకు 5,000 దాకా. ‘వచ్చే నెల’ మాట అక్కడితో ఆగుతుంది.

కార్యవర్గాన్ని, అంటే డైరెక్టర్లను తొలగించాలంటే మాత్రం ముందు సెక్షన్ 100 వాడండి. దీనికి కోర్టు గడప తొక్కనక్కర్లేదు. ఓటు బలంలో పదోవంతు, అంటే మనిషికో ఓటు అయితే మీలో 18 మంది, సంతకాలు చేసి ఎజెండా రాసి రిజిస్టర్డ్ ఆఫీసులో ఇవ్వాలి. బోర్డు 21 రోజుల్లో కదిలి, 45 రోజుల్లోగా సమావేశం జరపాలి. కదలకపోతే, మీరు ఉత్తరమిచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోగా మీరే పెట్టుకోవచ్చు. తొలగింపు తీర్మానానికి సెక్షన్ 115 ప్రకారం ప్రత్యేక నోటీసు (ఈ తీర్మానం పెట్టబోతున్నామని కంపెనీకి ముందుగా తెలపడం) కూడా ఉండాలి, మరవకండి. హాలుకు తాళం వేశారనో, రెండు వర్గాలు కొట్లాడుకుంటున్నాయనో మామూలుగా సమావేశం సాగని స్థితి వస్తే, అప్పుడు సెక్షన్ 98 కింద ట్రిబ్యునల్‌ను అడగండి.

సమావేశానికి ముందు సభ్యులకిచ్చే నోటీసు గడువు దగ్గర చాలామంది జారిపడతారు. సెక్షన్ 8 కంపెనీలకు 14 రోజుల నోటీసు చాలని మినహాయింపు ఉంది. కానీ 2017 జూన్ నుంచి అది లెక్కలూ వార్షిక రిటర్నులూ సకాలంలో దాఖలు చేసిన కంపెనీలకే. మూడేళ్లుగా లెక్కలు చూపని మీ కంపెనీకి ఆ సౌకర్యం మిగిలిందనుకోను. 21 రోజులు నిండుగా ఇవ్వండి.

ఇక ఓట్లు. సభ్యుల రిజిస్టర్‌ను సెక్షన్ 94 ప్రకారం ఉచితంగా చూసే హక్కు మీకుంది. ముందది చూసి, ఎవరు సభ్యులుగా ఉన్నారో తేల్చుకోండి. షేర్ క్యాపిటల్ లేని కంపెనీ అయితే, ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) వేరేగా రాసి ఉంటే తప్ప ప్రాక్సీ, అంటే ఒకరి బదులు ఇంకొకరు ఓటేయడం, చెల్లదు. హైదరాబాదుకు మారిపోయిన మీ మద్దతుదారులు ఆ రోజు రైలెక్కి రావలసిందే; తేదీ నిర్ణయించే ముందే వాళ్లకు ఫోన్ చేయండి.