మూడేళ్లొచ్చినా మాటల్లేవు, ఆగాలా చూపించాలా?

బాబుకి మూడేళ్లు నిండాయి, "అమ్మా" అని పిలవడు, నీళ్లు కావాలంటే మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. అత్తగారేమో "మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల నాన్నా అంతే" అంటున్నారు, ప్లేస్కూల్ టీచర్ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటోంది. ఇంకా ఆగాలా అని అడిగారు. ఆగొద్దండీ, వీలైనంత త్వరగా చూపించండి. మా వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, రెండున్నరేళ్లప్పుడే ఆటిజం అని చెప్పారు. మేముండేది ఈసీఐఎల్ దగ్గర. మీ దారిలోనే కాస్త ముందు నడిచినదానిగా రాస్తున్నాను.

చుట్టాలందరూ మాటల గురించే అడుగుతారు. తెలిసిన డాక్టర్ అయితే ముందు వేరేవి చూస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? కావాల్సింది వేలితో చూపిస్తాడా? విమానం పోతుంటే మీకూ చూపించి, చూశారా లేదా అని మీ మొహంలోకి చూస్తాడా? సైగ చెయ్యకుండా చెప్తే అర్థమవుతుందా? వేలు పెట్టి చూపించడం మామూలుగా ఏడాది, ఏడాదింబావుకల్లా వచ్చేస్తుంది. రెండేళ్లకల్లా "పాలు కావాలి" లాంటి రెండు మాటల ముక్కలు వస్తాయి. మూడేళ్లకీ ఇవి లేవంటే దాన్ని మామూలు ఆలస్యమని వదిలెయ్యకూడదు. అలాగని ఆటిజమే అనీ కాదు. వినికిడి లోపం కావచ్చు, భాష ఒక్కటే వెనకబడి ఉండొచ్చు, మొత్తం ఎదుగుదలే నెమ్మదిగా ఉండొచ్చు. పరీక్షలు చెయ్యకుండా ఇది ఎవరూ చెప్పలేరు.

అన్నిటికంటే ముందు చెవులు. "టీవీలో యాడ్ వస్తే పరిగెత్తుకొస్తాడు, చెవులకేం?" అనుకుంటాం. కానీ బోనాల డప్పు వినిపించే పిల్లాడికి కూడా 'స', 'ష' లాంటి సన్నటి ధ్వనులు అందకపోవచ్చు. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరినా మాటలు మసకగానే వినిపిస్తాయి. బెరా అనే వినికిడి పరీక్షలో పిల్లాణ్ని నిద్రపుచ్చి తలకు చిన్న వైర్లు అంటించి చూస్తారు, నొప్పి ఉండదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా అక్కడే, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ వినికిడి పరీక్షలు చేస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో బాబు ఆడుకునేటప్పుడూ, మిమ్మల్ని లాక్కెళ్లేటప్పుడూ తీసిన వీడియోలు ఫోన్‌లో ఉంచుకోండి. కొత్త గదిలో పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు.

వస పోయమనీ, నాలుక కింద నరం కోయించమనీ కూడా చెప్తారు. దయచేసి వద్దు. వసతో మాటలు రావు, పసిపిల్లలకు వాంతులు అవుతాయి. నాలుక నరం వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు గానీ, అసలు మాటలే రాకుండా పోవు.

ఇక ఇల్లు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. మీవాడు మాట్లాడటం లేదు గానీ, చెయ్యి పట్టుకుని లాగుతున్నాడంటే మీకేదో చెప్తూనే ఉన్నాడు. దాన్ని మాటగానే తీసుకోండి. "నీళ్లు అను, అంటేనే ఇస్తా" అని గ్లాసు ఎత్తి పట్టుకోవద్దు. చాలా ఇళ్లలో, కొన్ని సెంటర్లలో కూడా ఇది చూశాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. దాహం వేసిన పిల్లాడికి ఆ క్షణంలో మాట రాదు, ఏడుపే వస్తుంది. వాడు లాగగానే మీరే "నీళ్లు" అనండి, గ్లాసిస్తూ మళ్లీ "నీళ్లు". అంతే. "ఇదేంటి? ఇదేం రంగు? ఆంటీకి చెప్పు" అని రోజంతా పరీక్ష పెట్టకుండా, వాడు చూస్తున్నదాని గురించి చిన్న ముక్కల్లో చెప్తూ ఉండండి. "బంతి పడింది." "పోయింది బంతి." చెప్పాక నోరు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టేంతసేపు వాడి మొహం చూస్తూ ఆగండి. మనకు యుగంలా అనిపించే ఆ ఖాళీలోనే పిల్లాడు చూపో, చిన్న ధ్వనో ఏదో ఒకటి అందిస్తాడు.

మావాడికి మా థెరపిస్టు, కావాల్సింది చూపించి అడిగే బొమ్మల కార్డులతో మొదలుపెట్టించింది. కార్డులు అలవాటైతే మాటలు రావని మా నాన్న చాలా భయపడ్డారు. అలా జరగదు, పరిశోధనలూ అదే చెప్తున్నాయి, కొందరికైతే కార్డుల తర్వాతే మాటలు పెరుగుతాయి. నీళ్లు, బిస్కెట్ కార్డులతో పాటు "వద్దు", "నొప్పి" కూడా తొందరగా నేర్పండి. ఒకప్పుడు మావాడు వారం పాటు చెంప కొట్టుకుంటూ ఏడ్చాడు. మొండితనం అన్నారు అందరూ. చూపిస్తే దవడ పన్ను పుచ్చి ఉంది! అందుకే ఏ ఏడుపునీ, ఏ కొట్టుకోవడాన్నీ అల్లరి అనుకునే ముందు ఒంట్లో ఏమైనా ఉందేమో చూడండి. ఇప్పటికీ వాడు మాట్లాడేది కొన్ని మాటలే, మిగతాది ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెప్తాడు. మాకు అదీ మాట్లాడటమే.

ఇంగ్లీషు సంగతి. మన హైదరాబాద్‌లో ఇంట్లో తెలుగు, కింద పార్కింగులో ఆడే పిల్లలతో హిందీ, బడిలో ఇంగ్లీషు, అన్నీ ఒకేసారి చెవిన పడతాయి. అందువల్ల మాటలు ఆలస్యం కావు. మీరు ముద్దు చేసేదీ, కోప్పడేదీ, కథ చెప్పేదీ తెలుగులో అయితే తెలుగే మాట్లాడండి. మీరు ఇంగ్లీషుకు మారితే మీ అత్తగారికీ మనవడికీ మధ్య ఉన్న ఆ కాస్త భాషా తెగిపోతుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి, భయంతోనే ఆ మాట అంటారు పెద్దవాళ్లు. థెరపీకి ఒకరోజు వెంట తీసుకెళ్లండి.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడగడం తప్పేం కాదు. మిమ్మల్ని లోపల కూర్చోనివ్వని చోట చేర్పించొద్దు. అక్కడ గడిచేది వారంలో కొద్ది గంటలు, మిగతా సమయమంతా పిల్లాడు మీ దగ్గరే కదా, ఎలా చెయ్యాలో మీకు తెలియాలి. ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ అన్నా, ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు అడిగినా లేచి వచ్చెయ్యండి.

బడి విషయం తర్వాత చూసుకోవచ్చు గానీ ఒక్కటి తెలిసి ఉండండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, వాక్ లోపం, వినికిడి లోపం అన్నీ ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యం పేరుతో పిల్లల్ని చేర్చుకోం అనకూడదు. నిర్ధారణ అయితే యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. ఆటిజం లాంటి నాలుగు రకాల వైకల్యాలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చులో కొంత దాంట్లోంచి వస్తుంది.

పరీక్షలయ్యాక రిపోర్టులో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంత చెప్తాను. బెరాకి వెళ్లే రోజు పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోకుండా చూసుకోండి. అక్కడ పడుకుంటేనే పరీక్ష అవుతుంది.