తిమ్మిరికి అలవాటు పడకండి: ఏరో పొజిషన్‌లో సీటు సంగతులు

ప్రశ్న: మేడమ్, ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ కోసం ఈమధ్యే ఏరో బార్లు ఉన్న సైకిల్ తీసుకున్నాను. హ్యాండిల్ పట్టుకుని మామూలుగా తొక్కితే ఏ బాధా లేదు. ఆ బార్ల ప్యాడ్ల మీద ముంజేతులు ఆనించి వంగిన కాసేపటికే మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కుతోంది. మెత్తగా ఉంటుందని సీటుకు జెల్ కవర్ తొడిగితే ఇంకా ఎక్కువైంది. తోటివాళ్లు ‘కొన్నాళ్లకు అలవాటైపోతుందిలే’ అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏ సీటు కొనమంటారు?

జవాబు: మీరు టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు. మీ తోటివాళ్లు చెప్పిందే సరికాదు. ఒళ్లు నొప్పులు, చేతుల అలసట లాంటివి ప్రాక్టీసుతో తగ్గుతాయి. తిమ్మిరి వేరు. అక్కడి నరాలు, రక్తనాళాలు ఎముకకూ సీటుకూ మధ్య నలుగుతున్నాయని దానర్థం. దాన్ని ఓర్చుకోవడం శిక్షణలో భాగం కాదు. బైక్ ఫిట్టింగ్‌కి, అంటే సైకిల్‌ను ఒంటికి సరిపోయేలా అమర్చుకోవడానికి, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట చివర్లో, తలుపు దాకా వెళ్లాక చెబుతారు. మీరు నేరుగా అడిగారు, సంతోషం.

అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధనలు చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ, సైకిళ్ల మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు (ముందుకు పొడుచుకొచ్చే సన్నటి భాగం) లేని సీట్లు ఇచ్చి ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షించింది. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. తొక్కేటప్పుడు తిమ్మిరి రాలేదని చెప్పినవారు అంతకుముందు 27 శాతం, ఆ తర్వాత 82 శాతం. గస్తీ పోలీసులు ఏరో బార్ల మీద వాలి తొక్కేవాళ్లు కారు. వాళ్లకే అంత తేడా కనిపించిందంటే, ముందుకు వాలే మీకు సీటు ముక్కు ఎంత ముఖ్యమో ఆలోచించండి.

గట్టి బల్ల మీద నిటారుగా కూర్చుని పిరుదుల కింద చేతులు పెట్టుకుంటే రెండు ఎముకలు తగులుతాయి. మామూలు సీటు వాటికోసం తయారైంది. ఇప్పుడు అలాగే కూర్చుని, నడుము దగ్గర నుంచి ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద పెట్టండి. కటి ముందుకు తిరిగి, ఆ ఎముకల మీది బరువు తగ్గిపోతుంది. ఏరో పొజిషన్‌లో జరిగేది ఇదే. బరువు కటి ఎముక ముందు భాగం మీదికి వస్తుంది. అక్కడ రెండు వైపుల ఎముకలూ ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి, వాటి మధ్య ఉన్నదంతా మెత్తటి భాగం. సన్నటి ముక్కు సరిగ్గా ఆ మధ్యలోకే గుచ్చుకుంటుంది. పిరుదుల ఎముకల వెడల్పు కొలిచి సీటు సైజు చెప్పే పద్ధతి రోడ్ బైక్‌కి పనికొస్తుంది గానీ, ఏరోకి ఆ కొలత చెప్పేది చాలా తక్కువ.

జెల్ కవర్ వెంటనే తీసేయండి. ఎముక ఆనిన చోట జెల్ అణిగిపోయి, పక్కలకు జరిగి, మధ్యలో పైకి ఉబుకుతుంది. అంటే ఎక్కడ ఒత్తిడి ఉండకూడదో అక్కడికే చేరుతుంది. ఏరో సీటుకు కావలసింది ముందు భాగంలో కాస్త గట్టిగా ఉండే పరుపు, మధ్యలో నిజమైన ఖాళీ.

ఇక ఏ సీటు అంటే, ప్రయాణంలో ఎక్కువసేపు ఏరోలోనే ఉంటారు కాబట్టి ముక్కు రెండు పాయలుగా చీలిన రకంతో మొదలుపెట్టమంటాను. ఐఎస్ఎం కంపెనీ సీట్లు ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. నా టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే విడిగా, సమయంతో పోటీపడే రేసు) బైక్ మీద ఉన్నదీ ఇలాంటిదే. రోడ్ బైక్ మీద మాత్రం పెట్టుకోను. కొండ ఎక్కేటప్పుడు నేను వెనక్కి జరిగి కూర్చుంటాను, అప్పుడు ఆ వెడల్పాటి పాయలు తొడలకు ఒరుసుకుంటాయి. మీరూ తరచూ లేచి హ్యాండిల్ పట్టుకుని తొక్కే దారుల్లో తిరిగేవారైతే, ముక్కు పొట్టిగా, మధ్యలో వెడల్పాటి గాడి ఉన్న రకం మేలు. 2015లో వచ్చిన స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ సీటు లాంటివి ఆ కోవలోవి.

చీలిన సీటు కొన్నవాళ్లలో సగం విసుగు దాన్ని బిగించే తీరు వల్లే వస్తుంది. పాత సీటు ముక్కు ఎక్కడుందో సరిగ్గా అక్కడే కొత్తదాని కొస ఉండేలా బిగిస్తారు. అప్పుడు మీరు ముందుకు జారిపోయినట్టు కూర్చుంటారు, పాయలు గజ్జల్లో గుచ్చుకుంటాయి. ఈ సీటు వెనక భాగం మీద కూర్చోకూడదు. ముందు కొసల మీద, ఎముకలు రెండు పాయల మీదా ఆనేలా కూర్చోవాలి. అందుకే పాత ముక్కు ఉన్న చోటుకంటే 4–5 సెంటీమీటర్లు వెనక్కి పెట్టి, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా జరుపుకోండి. కూర్చునే చోటు మారింది కాబట్టి ఎత్తు కూడా మళ్లీ చూసుకోవాలి. పొట్టి ముక్కు సీటైతే కొసను చూడొద్దు. సీటు వెడల్పు 8 సెంటీమీటర్లు ఉన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టి, పాతదానికీ కొత్తదానికీ ఆ గీతలు ఒకే చోటికి వచ్చేలా అమర్చండి.

వాలు కొలవడానికి రసమట్టం గానీ ఫోన్‌లో లెవెల్ యాప్ గానీ చాలు. సీటు ముందు సగం మీద సన్నటి అట్ట పెట్టి దానిమీద కొలవండి, వెనక భాగం పైకి లేచి ఉంటే లెక్క తప్పుతుంది. ఒకటి రెండు డిగ్రీలు ముక్కు కిందికి ఉంటే చాలామందికి సుఖం. మరీ వంచేస్తే శరీరం ముందుకు జారుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి భుజాలూ చేతులూ పనిచేయాల్సి వస్తుంది. గంట తర్వాత మెడ పట్టేసిందంటే చాలాసార్లు కారణం ఇదే.

కొత్త సీటు కొనేముందు ఇంకొక్కటి చూడమని గట్టిగా చెబుతాను. మీ మోచేతి ప్యాడ్లు దూరంగా ఉన్నాయేమో. అందుకోవడానికి శరీరం తెలియకుండానే ముందుకు పాకుతుంది, ఏ సీటు పెట్టినా దాని కొస మీదికే చేరుతుంది. ట్రైనర్ (బైక్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద బైక్ బిగించి, పక్క నుంచి ఎవరితోనైనా వీడియో తీయించండి. పై చెయ్యి భుజం నుంచి దాదాపు నిలువుగా దిగుతూ, మోచెయ్యి తొంభై డిగ్రీలకు కాస్త ఎక్కువ కోణంలో ఉంటే సరే. చేతులు బాగా ముందుకు చాపుకున్నట్టుంటే ప్యాడ్లను దగ్గరికి జరపండి. అలాగే ప్యాడ్లు మరీ కిందికి ఉంటే వాటి కింద ఒకటి రెండు స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) వేసి పైకి లేపండి. కిందికి వంగిన కొద్దీ వేగం అనుకుంటారు. కుదురుగా ఉండలేక అయిదు నిమిషాలకోసారి లేచి కూర్చునేవాడికి కిందికి వంగినందుకు వచ్చే లాభం ఎప్పుడో పోతుంది.

తుంటి దగ్గర మరీ ముడుచుకుపోయినట్టు అనిపిస్తే క్రాంకు, అంటే పెడల్‌ను మోసే కడ్డీ, పొడవు కూడా ఆలోచించవచ్చు. 172.5 మిల్లీమీటర్ల నుంచి 165కి మారితే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు ఛాతీకి అంత దగ్గరగా రాదు. సీటును మాత్రం ఆ తేడా మేరకు, అంటే 7.5 మిల్లీమీటర్లు పైకెత్తడం మరిచిపోకండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ పాత కొలత రాసిపెట్టుకోండి, సీటు గొట్టం మీద టేపు ముక్క అంటించినా సరే. తొక్కేటప్పుడు పది నిమిషాలకోసారి కొన్ని సెకన్లు పెడళ్ల మీద లేచి నిలబడండి, రక్తం ఆడుతుంది. ఇవన్నీ చేశాక కూడా బైక్ దిగిన తర్వాత తిమ్మిరి గంటల తరబడి ఉంటున్నా, మూత్రంలోనో అంగస్తంభనలోనో తేడా కనిపిస్తున్నా తొక్కడం ఆపి యూరాలజిస్టును కలవండి. సీటు సంగతి ఆ తర్వాత.

ప్రశ్న: అక్కా, నాకు తిమ్మిరి లేదు. ఏరోలో ఎక్కువసేపు తొక్కిన రోజున ఒక్క పక్కే, ఎడమవైపే వాపు వస్తోంది. అప్పుడప్పుడూ సెగ్గడ్డలా లేస్తోంది. మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న సీటే వాడుతున్నాను. ఇంట్లో కూడా చెప్పుకోలేకపోతున్నాను.

జవాబు: చెల్లీ, ఇది ఆడవాళ్లు చాలామంది పడే బాధే, అనవసరంగా మోస్తున్న బాధ కూడా. రంధ్రం పెద్దదైతే మంచిదనుకుంటారు గానీ, దాని అంచు పదునుగా ఉంటే మెత్తటి భాగం అందులోకి దిగి అంచుకు నలుగుతుంది. అలా వాచేవాళ్లకు రంధ్రం కంటే, అంచులు గుండ్రంగా ఉన్న లోతులేని గాడి, లేదా పూర్తిగా చీలిన ముక్కు నయం.

ఒక్క పక్కే వస్తోందంటే నువ్వు సీటు మీద వంకరగా కూర్చుంటున్నావేమో చూడాలి. ట్రైనర్ మీద తొక్కుతుంటే వెనక నుంచి వీడియో తీయించు. తుంటి అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎత్తు ఎక్కువైంది, 3 మిల్లీమీటర్ల చొప్పున దించుతూ ఊగడం ఆగిందేమో చూడు. ఊగడం లేకపోయినా ఒక పక్కకే ఒరిగితే కాళ్ల పొడవులో తేడాగానీ తుంటి బిగుతుగానీ ఉండొచ్చు. అది ఫిజియోథెరపిస్టు చూడాల్సిన పని. ఆ వంకర సరిచేయకుండా సీట్లు మార్చుకుంటూ పోతే ప్రతి కొత్త సీటూ ఎడమవైపే నొక్కుతుంది.

షార్ట్స్ లోపల ఇంకో లోదుస్తు వేసుకోవద్దు, దాని కుట్లే ఒరుస్తాయి. ఒరిపిడి తగ్గించే క్రీమ్ ముందే రాసుకో. తొక్కడం అయిపోగానే తడి షార్ట్స్ మార్చుకో. ఆ భాగంలో వెంట్రుకలు నున్నగా గొరగడం మానెయ్, మళ్లీ మొలిచేటప్పుడు లోపలికి తిరిగి గడ్డలవుతాయి. గడ్డ లేచిన రోజు విశ్రాంతే మందు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, వాపు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లు. అక్కడ ‘సైకిల్ తొక్కుతాను, ఇలా వంగి తొక్కుతాను’ అని విడమరిచి చెప్పు.

ప్రశ్న: ముక్కు లేని సీటుతో టైమ్ ట్రయల్ పోటీలకు అనుమతిస్తారా?

జవాబు: అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అయిన యూసీఐ నిబంధనల కింద జరిగే పోటీ అయితే సీటు పొడవు 24 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 30 దాటకూడదు. చీలిన రకాల్లో చాలావరకు ఆ హద్దుల్లోనే ఉంటాయి, కొనేముందు టేపుతో కొలుచుకోండి. వాలుకూ పరిమితి ఉంది. సీటు కొస క్రాంకు ఇరుసుకు ఎంత వెనక ఉండాలనే నియమం ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి ఆ ఏటి నిబంధనలు చదవండి. ట్రయథ్లాన్‌కి నియమాలు వేరు. పోటీ రోజున బైక్ తనిఖీ దగ్గర సీటు జరపాల్సి వస్తే మీ పొజిషన్ అంతా మారిపోతుంది, అందుకని ప్రాక్టీసు కూడా నిబంధనలకు సరిపోయే అమరికతోనే చేయండి.