చిన్నపిల్లలతో బిల్ట్‌మోర్ క్రిస్మస్: పగలే వెళ్లండి

షార్లెట్ నుంచి నాలుగేళ్ల పాపను, ఎనిమిదేళ్ల బాబును తీసుకుని అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఆష్‌విల్‌లో ఉన్న బిల్ట్‌మోర్ భవంతికి క్రిస్మస్ అలంకరణ చూడటానికి వెళ్లాలనుకుంటున్నామని రాశారు. పగటి టికెట్ కొనాలా, రాత్రి కొవ్వొత్తుల వెలుగులో చూపించే సందర్శనకు వెళ్లాలా, అంత ఖర్చు పెడితే పిల్లలకు నచ్చుతుందా అని మీ సందేహం. మేము రెండు విధాలుగానూ వెళ్లి వచ్చాం. మీ పిల్లల వయసుకు పగలే మంచిది.

మొదటిసారి మేము రాత్రికే వెళ్లాం. అప్పుడు మా పాపకు మూడేళ్లు, బాబుకు ఏడు. పొయ్యిల్లో మండుతున్న కట్టెలు, కొవ్వొత్తులు, ఎక్కడి నుంచో వినిపిస్తున్న క్రిస్మస్ పాటలు... నాకైతే కళ్లు చెమర్చాయి. గుంటూరులో మా ఇంటి ముందు వేలాడే కాగితపు నక్షత్రం, అర్ధరాత్రి ఆరాధన గుర్తొచ్చాయి. కానీ పిల్లలకు అది నిద్రవేళ. జనం వరుసగా మెల్లగా కదులుతుంటే మూడేళ్ల పిల్లకు ముందున్నవారి కోట్లు తప్ప ఏమీ కనిపించలేదు. పై అంతస్తుకు చేరేలోపే మా ఆయన భుజం మీద నిద్రపోయింది. బాబు కాళ్లు నొప్పులంటూ ఏడుపు మొదలుపెట్టాడు. పొరపాటు మాదే. మధ్యాహ్నమంతా కారులో కూర్చోబెట్టి, సాయంత్రం ఏదో తినిపించి, పెద్దలకు నచ్చే పద్ధతిలో తిప్పాం.

రెండేళ్ల తర్వాత పగలు వెళ్లాం. ఈసారి దారిలోనే వాళ్లకు ఆ ఇంటి కథ చెప్పాను. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది అదే. జార్జ్ వాండర్‌బిల్ట్ అనే ఆయన 1889లో కట్టడం మొదలుపెట్టి, 1895 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజున, బంధువులను పిలిచి ఈ ఇంటి తలుపులు తెరిచారు. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు. అంటే ఇంటి గృహప్రవేశమే క్రిస్మస్ పండుగ అన్నమాట. గృహప్రవేశం అనగానే మా బాబుకు విషయం అర్థమైపోయింది. తర్వాత ఆయన భార్యగా వచ్చిన ఎడిత్, ఎస్టేటులో పనిచేసేవారి పిల్లల పేర్లన్నీ రాసిపెట్టుకుని ఒక్కొక్కరికీ క్రిస్మస్ కానుక ఇచ్చేవారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కార్నీలియా 1900లో ఆ ఇంట్లోనే పుట్టింది. 250 గదుల ఇంట్లో ఒకే ఒక్క పాప! "మరి ఆ పాప ఎవరితో ఆడుకునేది?" అని మా చిన్నది లోపల తిరుగుతున్నంతసేపూ అడుగుతూనే ఉంది. ప్రతి గదిలోనూ కార్నీలియా కోసం వెతికింది.

ఇక లోపల అన్ని గదులూ చూపించాలని పట్టుపట్టకండి. టికెట్ డబ్బులు రాబట్టుకోవాలనే ఆలోచన పిల్లలతో ఉన్నప్పుడు పనికిరాదు. వాళ్లకు నాలుగైదు చోట్లు చాలు. మొదటిది విందుశాల. పైకప్పు 70 అడుగుల ఎత్తు. అందులో నిలబెట్టే క్రిస్మస్ చెట్టు, ఫ్రేజర్ ఫర్ అనే రకం, 35 అడుగులు. అది ఆ కొండప్రాంతాల్లో పెరిగే చెట్టే. అక్కడ తొందరపడకండి. పాపను ఎత్తుకుని చెట్టు చివర నుంచి కిందికి మెల్లగా చూపించండి. మా అమ్మాయి తల పూర్తిగా వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. టోపీ ఊడి వెనక పడింది, దాని సంగతే పట్టించుకోలేదు. తర్వాత కింద పేర్చిన కానుకల పెట్టెలు చూసి, గుసగుసగా, "అమ్మా, ఇవి పనివాళ్ల పిల్లలవా?" అని అడిగింది. దారిలో చెప్పిన కథ వృథా కాలేదు.

గ్రంథాలయం పెద్దలకు కన్నుల పండుగ, పిల్లలతో ఒక్క నిమిషం చాలు. పెద్ద మెట్ల దారి మాత్రం మా బాబుకు ఆటస్థలమైంది. మొత్తం 102 మెట్లని చెప్పాను, ఎక్కినంత మేర లెక్కపెట్టుకుంటూనే ఎక్కాడు. నాలుగు అంతస్తుల పొడవునా వేలాడే దీపాల గుత్తి బరువు సుమారు 770 కిలోలని చెబితే దాని కింద నిలబడటానికి భయపడ్డాడు.

నేలమాళిగ తప్పకుండా చూపించండి. పిల్లలకు అక్కడే ప్రాణం లేచొస్తుంది. తెల్లని పలకలు పరిచిన లోతైన ఈతకొలను, ఇప్పుడు ఖాళీగా ఉంటుంది, నిండితే రెండున్నర లక్షల లీటర్లకు పైగా నీళ్లు పట్టేది. పక్కనే బౌలింగ్ ఆడే చోటు. ఆ తర్వాత వంటగదులు, వాటిలో వరుసగా రాగి పాత్రలు. మా అమ్మ ఇంట్లోని గంగాళం గుర్తుపట్టి, "అమ్మమ్మది కూడా ఇంతే ఉంటుంది" అని మా వాడు గొప్పగా చెప్పాడు.

కొన్ని జాగ్రత్తలు. ప్రవేశ సమయం ముందే నిర్ణయించుకుని టికెట్ కొనాలి, డిసెంబరు శని ఆదివారాలు త్వరగా నిండిపోతాయి. గేటు దగ్గరకు చేరితే ఇంటికి చేరినట్లు కాదు. లోపల మూడు మైళ్ల దారి ఉంది, కారు నిలిపాక బస్సు ఎక్కాలి. కాబట్టి మీకిచ్చిన సమయానికి గంట ముందే గేటు దాటండి. మేము పులిహోర, పెరుగన్నం కారులోనే తినిపించి, మరుగుదొడ్డికి తీసుకెళ్లి, ఆ తర్వాతే లోపలికి నడిచాం. పాప నడవనంటే ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉండండి, మెట్లు ఎక్కువ. తాళ్లు కట్టిన చోట చేయి పెట్టకూడదని బయటే చెప్పి ఉంచండి. పాతకాలపు గుర్రపుశాల ఆవరణలో బొమ్మల దుకాణం ఉంది, దానికి ఎంత ఖర్చుపెట్టాలో ముందే అనుకోండి.

దీపాలు చూడలేకపోతామని బెంగపడకండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. ఇల్లు చూశాక ఎస్టేటులోనే ఉన్న ఆంట్లర్ హిల్ విలేజ్‌కు వెళ్లండి. అక్కడ చెట్లకు, ఇళ్లకు దీపాలు పెడతారు, పిల్లలు పరుగెత్తవచ్చు, ఎవరూ వద్దనరు. సెడ్రిక్ పేరుతో ఒక భోజనశాల కూడా ఉంది. అది వాండర్‌బిల్ట్‌ల కుక్క పేరు, సెయింట్ బెర్నార్డ్ జాతిది. కార్నీలియా ఎవరితో ఆడుకునేదన్న ప్రశ్నకు మా పాప అక్కడ తనే జవాబు చెప్పుకుంది, "కుక్కతో" అని.