ఆయన పోటీ చేస్తున్నారు.. నేనూ ఇంటింటికీ తిరగాలా?

ప్రశ్న: నా వయసు 38. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. పదేళ్లుగా పార్టీలో తిరుగుతున్నారు. ఈసారి మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి కౌన్సిలర్‌గా నిలబడుతున్నారు. నన్ను సెలవు పెట్టి తనతో పాటు ఇంటింటికీ వచ్చి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడగమంటున్నారు. కొత్తవాళ్లతో నేను చనువుగా మాట్లాడలేను. ‘నువ్వు రాకపోతే మన ఇద్దరికీ పడదని అవతలివాళ్లు చెప్పుకుంటారు, ఓడిపోతే నీ వల్లే’ అంటున్నారు. అత్తయ్యదీ అదే మాట. పైగా ఖర్చులకని నా పేరున ఉన్న ప్లాటు అమ్ముదామంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే మా పాప ‘మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా?’ అని అడిగింది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నేను వెళ్లకపోతే భార్యగా తప్పు చేసినట్టేనా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. తప్పు చేసినట్టు కాదు. ఇంకా చెప్పాలంటే, మీరు వెళ్తేనే తప్పవుతుంది. ఈ సంగతి మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

మీరు ప్రభుత్వ ఉద్యోగి. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి రాజకీయాల్లో పాల్గొనకూడదు, ఎన్నికల్లో ఎవరి తరఫునా ప్రచారం చేయకూడదు. అభ్యర్థి కట్టుకున్నవాడైనా సరే. ‘సెలవు పెట్టు’ అని మీ ఆయన అంటున్నారు కదా, సెలవు పెట్టినంత మాత్రాన మీరు ఉద్యోగి కాకుండా పోరు. సెలవులో ఉన్నా నియమాలు అవే. మీరు బొట్టు పెడుతున్న ఫొటో ఒక్కటి అవతలి పార్టీవాళ్ల ఫోన్లో పడితే చాలు, మర్నాడు కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఉంటుంది. అప్పుడు మీ ఆయన ఓట్లు అడగడం మానేసి మీ సస్పెన్షన్ గురించి తిరగాలి. మీ ఓటు మీరు వేసుకోవచ్చు, దానికి ఏ అడ్డూ లేదు. కానీ పోలింగ్ ఏజెంట్‌గానో, కౌంటింగ్ ఏజెంట్‌గానో కూర్చోమంటే కూర్చోవద్దు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అయితే ప్రభుత్వ ఉద్యోగి అలా కూర్చోవడం నేరం, మూడు నెలల దాకా జైలు శిక్ష వేసే వీలుంది. మీ స్కూటీ మీద పార్టీ స్టిక్కర్ కూడా వద్దు. ఇంకో మాట, టీచర్లకు ఎన్నికల డ్యూటీ తప్పదు కాబట్టి మీ భర్త అభ్యర్థి అని ఇప్పుడే హెడ్మాస్టర్ ద్వారా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఈ విషయం మీ ఆయనకు చెబితే సగం గొడవ తీరుతుంది. ‘నాకు ఇష్టం లేదు’ అన్నప్పుడు ఆయనకు కోపం వచ్చింది. ‘నేను వస్తే మీకే నష్టం’ అంటే వింటారు.

మిగతా సగం మాత్రం నియమాలతో తీరదు. రేపు మీరు ఉద్యోగం మానేసినా, ఆ గుమ్మాల ముందు నిలబడడం మీకు కష్టమే. అందుకే దాని గురించీ మాట్లాడుకుందాం.

మీ ఆయన అడుగుతున్నదాంట్లో అర్థం లేకపోలేదు. మన ఊళ్లలో పదిమంది మగవాళ్లు కండువాలు వేసుకుని వస్తే ఆడవాళ్లు తలుపు పక్కన నిలబడి ‘సరేనండీ’ అని పంపేస్తారు. అదే ఒక ఆడమనిషి వస్తే లోపలికి పిలుస్తారు, మంచినీళ్లిస్తారు. కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయో, పెన్షన్ ఎందుకు ఆగిందో చెబుతారు. అభ్యర్థి భార్య అయితే ఇంకో మెట్టు పైన, ఎందుకంటే ఈ మాట నేరుగా ఆయన చెవిన పడుతుందని నమ్మకం. భార్య తోడుగా రావడం అభ్యర్థికి బలమే.

కానీ ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టయినప్పుడు భువనేశ్వరి గారు ‘నిజం గెలవాలి’ అంటూ జనంలోకి వెళ్లారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఆమె రాజకీయ సభల్లో కనిపించింది చాలా తక్కువ. జార్ఖండ్‌లో 2024 జనవరి ఆఖరున జార్ఖండ్ ముక్తి మోర్చా నాయకుడు హేమంత్ సొరేన్ అరెస్టయ్యాక ఆయన భార్య కల్పన బయటికి వచ్చారు. కొన్ని నెలలకే ఉప ఎన్నికలో ఎమ్మెల్యే అయ్యారు. ఆ ఏడాది చివర్లో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో ఆ పార్టీకి ముఖ్య ప్రచారకుల్లో ఒకరయ్యారు. వాళ్ల పార్టీలు మీకు నచ్చుతాయా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. జనం వాళ్ల మాట ఎందుకు విన్నారంటే, తమ ఇంట్లో జరిగినది తామే చెప్పుకోవడానికి వచ్చారు కాబట్టి. చెప్పాల్సిన మాట ఉన్న మనిషికి మైకు దానంతట అదే అలవాటవుతుంది. చెప్పాలని లేని మనిషిని నిలబెడితే అది కూడా జనానికి కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక జంట వచ్చింది. ఆయన కార్పొరేటర్‌గా పోటీ చేశారు. ఆమెకు ఇష్టం లేకపోయినా పట్టుచీర కట్టించి రోజూ తిప్పారు. మూడో రోజు పొద్దున ఒక ఇంటి వరండాలో ముసలావిడకు బొట్టు పెట్టబోతుంటే ఈమె చేతిలో కుంకుమ పళ్లెం వణికింది. తెల్లటి టైల్స్ మీద కుంకుమంతా ఒలికింది. ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుని ‘ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?’ అని అడిగింది. ఆ ఒక్క మాటకు ఈమె అక్కడే ఏడ్చేసింది. సాయంత్రానికల్లా వార్డులో నాలుగు కథలు పుట్టాయి. భర్త కొట్టాడని ఒకరు, పుట్టింటికి వెళ్లిపోతోందని ఒకరు. ఆయన ఓడిపోవడానికి అదే కారణమని నేను అనను, ఎన్నికకు సవాలక్ష కారణాలుంటాయి. అయితే నా ముందు కూర్చుని ఆ భర్త తనంతట తాను అన్న మాట ఇది: ‘ఆమె ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదండీ.’

కాబట్టి ‘నువ్వు రాకపోతే జనం ఏమనుకుంటారో’ అనే భయానికి జవాబు మీ ఆయన దగ్గరే ఉంది. ఎవరైనా అడిగితే ‘మా ఆవిడ ప్రభుత్వ టీచరమ్మా, ప్రచారానికి రాకూడదు, బడిలో ఉంది’ అని గర్వంగా చెప్పమనండి. ఆ వార్డులో మీ దగ్గర చదువుకున్న పిల్లలున్న ఇళ్లు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. మీరు రోజూ టైముకు బడికి వెళ్లి పాఠం చెప్పడం కంటే ఆయనకు మీరు తెచ్చిపెట్టే మంచి పేరు ఇంకేముంటుంది! ఇక ఆడవాళ్ల మధ్యకు వెళ్లడానికి అత్తయ్యగారు ఉన్నారు, ఆడపడుచులుంటే వాళ్లున్నారు. అత్తయ్యకు ఉత్సాహం ఉన్నట్టు మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. కుంకుమ పళ్లెం ఆవిడ చేతికివ్వండి. నిందలా కాదు, మనస్ఫూర్తిగా.

ఇప్పుడు ప్లాటు. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెబుతాను. అది మీ పేరున ఉన్న ఆస్తి. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మీ ఆస్తికి మీరే పూర్తి హక్కుదారు. మీరు సంతకం పెట్టకుండా అది అమ్ముడుపోదు. ప్రభుత్వ ఉద్యోగి స్థిరాస్తి అమ్మాలంటే పై అధికారికి ముందుగా తెలియజేయాలి, అది కూడా ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. ఇంకో సంగతి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అభ్యర్థులు తమ ఆస్తులతో పాటు జీవిత భాగస్వామి ఆస్తులూ అప్పులూ ప్రమాణపత్రంలో చూపించాల్సి వస్తోంది. మున్సిపల్ నామినేషన్‌తో పాటూ ఇలాంటి వివరాలు అడుగుతారు. అంటే మీ ప్లాటు, మీ బంగారం, మీ పేరున ఉన్న అప్పులు నలుగురూ చూసే కాగితంలోకి ఎక్కుతాయి. అందులో ఏం రాస్తున్నారో ప్రతి పేజీ మీరు చదివి తీరాలి. ‘ఆయన చూసుకుంటారులే’ అనుకోవద్దు.

ఎన్నికల్లో ఖర్చు ఎలా పెరుగుతుందో మీకంటే మీ ఆయనకే బాగా తెలుసు. మొదట్లో ఫ్లెక్సీలు, టీలు, ఆటోకు మైకు అంటారు. చివరి మూడు రోజుల్లో పక్కవాళ్లు ‘అవతలివాడు ఓటుకు ఇంత ఇస్తున్నాడు, మనమూ ఇవ్వకపోతే పోతాం’ అంటారు. ఆ వేడిలో ప్లాటు కాగితాలు ఒకసారి బీరువా దాటాయంటే మళ్లీ లోపలికి రావు. డబ్బు పంచడం నేరం అన్నది ఒక సంగతి. ఆ డబ్బు మీ పాప చదువుకు పనికొచ్చేది అన్నది రెండో సంగతి, నాకైతే అదే పెద్దది. ఎంతవరకు ఖర్చు పెట్టగలరో ముందే ఒక అంకె అనుకోండి. ఆ అంకెలో మీ ప్లాటు ఉండకూడదు.

ఇప్పుడే తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఆయన గెలిస్తే ఏమిటి? ఎన్నికల వరకు భార్య రాలేదని బాధపడే అనుచరులే, గెలిచాక భార్య చుట్టూ చేరతారు. పెన్షన్, ఇంటి పన్ను, కాంట్రాక్టు.. ‘మేడం ఒక్క మాట చెప్పండి’ అంటూ బడి గేటు దగ్గరికే వస్తారు. 1994లో ఎన్టీఆర్ మళ్లీ ఘనంగా గెలిచినప్పుడు లక్ష్మీపార్వతి ఆయన పక్కనే ప్రచారంలో ఉన్నారు. ఏడాది తిరగకముందే, 1995 ఆగస్టులో, పార్టీలో ఆమె జోక్యం పెరిగిందన్నదే కారణంగా చూపి సొంత పార్టీ ఎమ్మెల్యేలు ఆయనపై తిరగబడ్డారు. అందులో న్యాయం ఎవరిది అన్నదానిపై నేటికీ వాదనలున్నాయి, వాటి జోలికి నేను పోను. మీరు చూడాల్సింది ఒక్కటే. ప్రచారంలో తోడు నిలవడం వేరు, పదవిలో పాలుపంచుకోవడం వేరు. మీ దగ్గరికి అర్జీ పట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ మొదటి రోజు నుంచే ‘అది ఆయన పని, ఆయన్నే అడగండి’ అని చెప్పండి. (ఇది రెండువైపులా వర్తిస్తుంది. మహిళా రిజర్వేషన్ సీట్లలో భార్య గెలిస్తే ఆమె కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని భర్త సంతకాలు పెట్టించే పద్ధతిని మనం మామూలు విషయంలా చూస్తున్నాం. నాకు అది చాలా బాధగా ఉంటుంది.)

మీ ఆయన ఈ జవాబు చదువుతారనే ఆశతో ఆయనకూ రెండు మాటలు. బాబూ, పదేళ్లు కష్టపడ్డారు, ఈసారి టికెట్ వచ్చింది, టెన్షన్ ఎంత ఉంటుందో అర్థమవుతోంది. కానీ ‘ఓడిపోతే నీ వల్లే’ అన్న మాటను వెనక్కి తీసుకోండి. నోటితో చెప్పి తీసుకోండి, ఊరుకుంటే చాలదు. ఫలితం ఏదైనా ఆ రాత్రి మీరు తిరిగి వచ్చేది ఈ ఇంటికే. గెలిస్తే ఇంటి ముందు టపాసులు కాలుస్తారు, ఓడితే చెప్పుల జోళ్లు కూడా కనిపించవు. అప్పుడు అన్నం పెట్టి ‘పోనీలెండి’ అనే మనిషిని ఇప్పుడే దోషిని చేసి కూర్చోబెట్టకండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తానమ్మా. మీ పాప అడిగిన ప్రశ్నే నన్ను ఎక్కువ కదిలించింది. పదమూడేళ్ల పిల్ల వాట్సాప్ గ్రూపుల్లో, బడిలో మీ గురించి ఏవేవో వింటుంది. ‘నాన్న పోటీ చేస్తున్నారు, అమ్మ ఉద్యోగం వల్ల బయటికి రాకూడదు, మా ఇద్దరికీ గొడవేం లేదు’ అని మీరిద్దరూ కలిసి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆ మాట నిజం కావాలంటే ముందు మీరిద్దరూ మాట్లాడుకోవాలి కదా. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే, అనుచరులు వచ్చేలోపు, అరగంట కూర్చోండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి. మీరు ఏం చేయగలరో ముందు చెప్పండి: పొద్దున ఆయనకు టిఫిన్ పెట్టి పంపుతాను, రాత్రి ఎంత ఆలస్యమైనా ఆ రోజు ఏం జరిగిందో వింటాను, పాప పరీక్షలు నేను చూసుకుంటాను. ఆ తర్వాత ఏం చేయలేరో చెప్పండి. ఆ వరుసలో చెబితే వినే మనసు ఉంటుంది.

వారం పది రోజులైనా నిద్ర ఇలాగే లేకపోతే డాక్టర్‌ను కలవడానికి మొహమాటపడకండి. నామినేషన్ అయ్యాక ఎలా ఉందో నాకు రాయండి. ప్లాటు కాగితాలు మాత్రం ఈ రోజే మీ బీరువాలో పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి.